రెండో చీటీ

భార్య సంచీ సర్దుతోంది. అడుగున ఉన్ని చొక్కా, దాని మీద ఒక జత బట్టలు, పక్క జేబులో గుండె మాత్రలు. ఆయన పక్కనే చతికిలబడి మీటరు, స్క్రూడ్రైవర్లు పాత తువ్వాలులో చుట్టి అందిస్తున్నాడు.

"మాత్రలు సంచీలో ఉంటే చాలదు, నోట్లో పడాలి" అంది ఆమె.

"వాటికీ చీటీ కట్టకపోయావా?"

"కట్టడానికి మీరున్నారుగా."

కొండ మీది టెలిస్కోపుకి తీగలు వేసి, వాటిని కంప్యూటరుకి కలిపి, ముప్పయ్యేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్న ఆయనకి చీటీలాయన అనే పేరు స్థిరపడిపోయింది. ప్రతి తీగకీ మొదటి కొసన ఒక చీటీ కట్టేవాడు, ఎక్కణ్ణించి ఎక్కడికో రాసి. రెండో కొసకి మాత్రం, అవతల కబురు అందిందని కళ్ళారా చూశాకే. ఇంట్లో ఉప్పుడబ్బాకి కూడా చీటీ తప్పలేదు.

సంచీ పిడికి 'ఇంటి నుంచి కొండకి' అన్న చీటీ కట్టాడు. 'కొండ నుంచి ఇంటికి' అన్నది తలుపు పక్క మేకుకి తగిలించాడు. ఆయన గుమ్మంలో అడుగుపెట్టాక దాన్ని సంచీకి కట్టడం ఆమె పని. కొత్తకాపురంలో ఆమె బెంగ తీర్చడానికి మొదలుపెట్టిన వేళాకోళం అది. బెంగా పోలేదు, వేళాకోళమూ పోలేదు.

"డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. అక్కడ ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. చీటీలు రాసింది నేను. రేపు గురువారం, చీకటిపడేలోగా వచ్చేస్తా."

వారం కిందట వాన కురిస్తే టెలిస్కోపు మీది కప్పు దానంతటది మూసుకోలేదు. కాపలాదారు చూసి చేత్తో తిప్పి మూశాడు కాబట్టి అద్దం దక్కింది. మళ్ళీ వాన సూచన ఉంది.

కొండ మీద ఇంజనీరమ్మ ఎదురొచ్చింది. "బాబాయ్, అద్దం మీద నీళ్ళు పడుతుంటే మన కంప్యూటరు 'వాన లేదు' అని రాసుకుంది. ఎంత నిబ్బరమో చూడు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, తీగల బీరువా తెరిచి, ఒక్కో తీగనీ వేళ్ళతో తడుముతూ పోయాడు. గంటన్నర తర్వాత ఒకచోట చెయ్యి ఆగింది. వాన చుక్కని పసిగట్టే పలక నుంచి వచ్చిన తీగ పక్కింటికి చుట్టంలా పోయి వేరే మర కింద బిగిసి ఉంది. దానికి రెండు చీటీలూ ఉన్నాయి, రెండూ ఆయన రాతే. మూణ్ణెల్ల కిందట మార్చిన తీగ. ఆ తర్వాత మొన్నటిదాకా చినుకు లేదు.

"తప్పు నాదేనమ్మా. చూడకుండా కట్టేశాను."

"ఆ రోజు పిన్నికి ఆపరేషను కదా బాబాయ్. ఫోను రాగానే పరిగెత్తావు."

"అది తీగకేం తెలుసు."

మర విప్పి, తీగని దాని చోట బిగించాడు. ఇంజనీరమ్మ పైకెక్కి గ్లాసుతో నాలుగు చుక్కలు పలక మీద చిలకరించింది. కప్పు ఒక్క మూలుగు మూలిగి, నెమ్మదిగా కదిలి మూసుకుంది. తెర మీద 'వాన' అన్న మాట పడ్డాకే ఆయన కొత్త చీటీ కట్టాడు.

ఇంటికి ఫోను చేశాడు. "మూసుకుంది."

"మరి మాత్ర?"

"వేసుకున్నట్టే రాసుకో."

"చూడకుండా నేను రాయను."

ఆయన నవ్వి, మాత్ర నోట్లో వేసుకుని, గుటక వినబడేలా నీళ్ళు తాగాడు. అప్పుడు గానీ ఆమె ఫోను పెట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని, జీపు కోసం బీరువా ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. బయట చినుకులు మొదలయ్యాయి. పైన, పరీక్షకని మళ్ళీ తెరిచి ఉంచిన కప్పు కదిలిన చప్పుడుకి తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"చూశావా బాబాయ్, దానంతటదే మూసుకుంది" అంటూ వచ్చింది ఇంజనీరమ్మ. ఆయన పలకలేదు. తెర మీద ఉంది: వాన, కప్పు మూత, మూడూ ఇరవై.

ఆ గురువారం చీటీలాయన ఇంటికి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. చీకటిపడేలోగా సంచీ వచ్చింది. రెండో చీటీ తలుపు పక్క మేకుకే ఉంది.