తలుపు పరిస్థితి

ఆదివారం పూజ అయ్యాక చర్చి వెనక గదిలో పదకొండు మంది పిల్లలు కూర్చున్నారు. పదిహేనేళ్లవాళ్లు, పదహారేళ్లవాళ్లు. భద్రమైన అభ్యంగనం, అంటే విశ్వాసంలో స్థిరపడ్డారని నుదుట పూసే నూనె, తీసుకోబోయే ముందు మంచిచెడ్డలు తేల్చుకోవడం నేర్పమని ఫాదర్‌గారు వాళ్లను మాస్టారికి అప్పగించారు. ఈయన బడి మాస్టారు కాడు. వారంలో ఆరు రోజులు కుట్టు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, ఏడో రోజు ఉపదేశి.

బోర్డు మీద మూడు మాటలు రాశాడు. పని. ఉద్దేశం. పరిస్థితి.

"ఏం చేశావు, ఎందుకు చేశావు, ఏ పరిస్థితిలో చేశావు. మూడూ చూడాలి. కానీ పనే చెడ్డదైతే మిగతా రెండూ దాన్ని మంచి చెయ్యలేవు. పరిస్థితి తప్పు బరువు తగ్గిస్తుందేమో గానీ, తప్పుని ఒప్పు చెయ్యదు. రాసుకోండి."

రాసుకున్నారు. వెనక బల్ల మీదున్న పొడుగోడు లేచాడు. "మరి పరీక్షలో పక్కోడి పేపరు చూస్తే మాస్టారూ? ఉద్దేశం పాసవ్వడం. పరిస్థితి ఘోరం."

"నీ పరిస్థితి ఎప్పుడు బాగుంది గనక, కూర్చో" అన్నాడు మాస్టారు. గది గొల్లుమంది.

అప్పుడు లాయరమ్మ చెయ్యెత్తింది. ప్రతిదానికీ అడ్డు ప్రశ్న వేస్తుందని పిల్లలు పెట్టిన పేరది. వాళ్లమ్మ మాస్టారి కిందే మిషను కుడుతుంది.

"ఒకాయనున్నాడు మాస్టారూ. రోజూ పొద్దున్నే అగ్నిప్రమాదాల జాగ్రత్త కాగితం మీద సంతకం పెడతాడు. అందులో 'తలుపు పరిస్థితి' అని ఒక గడి ఉంటుంది. 'తెరిచి ఉంది' అని రాస్తాడు. వెనక తలుపుకేమో తాళం. ఇందులో పనేది, ఉద్దేశమేది?"

మాస్టారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"అమ్మకి అన్నం డబ్బా ఇవ్వడానికి వెనక సందులోంచి వస్తాను. తాళం తుప్పు కూడా పట్టింది. కాగితమేమో ముందు గేటు పక్కన వేలాడుతుంది. కళ్లున్నాయి కదా, చదివాను."

"పాపం, రాయకపోతే ఉద్యోగం పోతుందేమోనే" అన్నాడు పొడుగోడు, ఎవరి గురించో తెలియక.

"అది పరిస్థితి. తప్పుని ఒప్పు చెయ్యదు. ఇప్పుడే రాసుకున్నాం" అంది లాయరమ్మ.

మాస్టారికి ఎటూ కదలడానికి లేదు. ముందు పిల్లలు, వెనక బోర్డు, బోర్డు మీద తన చేతిరాత. 'పరిస్థితి' అన్న ఆ మాటే ఫ్యాక్టరీ కాగితం మీదా ఉంది. పదకొండు నెలలుగా దాని పక్కన అబద్ధం రాస్తున్నాడు. బట్టలు సంచుల్లో పెట్టుకుని వెనక తలుపులోంచి పట్టుకుపోతున్నారని యజమానికి అనుమానం. అందుకే తాళం. లోపల నలభై రెండు మంది ఆడవాళ్లు. ముందు తలుపుకి అడ్డంగా గుడ్డ మూటలు, ఒక మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టడు. నిప్పురవ్వకి ఇవన్నీ ఎవరు చెప్తారు?

"వచ్చేవారం చెప్తాను" అన్నాడు మాస్టారు. ఎవరూ నవ్వలేదు.

సోమవారం పొద్దున్న గడిలో 'తాళం వేసి ఉంది' అని రాసి సంతకం పెట్టాడు.

మేనేజరు చదివాడు. "రాతతప్పు పడిందోయ్. ఇంకో కాగితం ఇస్తాను, రాయి."

"తప్పు పడలేదు సార్. తాళం తీయించండి, తెరిచి ఉందని రాస్తాను."

మేనేజరు అరవలేదు. ఇలాంటివాళ్లు అరవరు, వాళ్లకి అంత అవసరం ఉండదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మిషన్ల వైపు తిరిగి లాయరమ్మ వాళ్లమ్మని పిలిచాడు.

"పది దాకా చదివావటగా అమ్మా? ఇవాళ్టి నుంచి నువ్వే సూపర్‌వైజరువి. ఇదిగో, రాయి. రాయనంటే ఈయనతో పాటే గేటు దాటు."

ఆమె పెన్ను పట్టుకుని మాస్టారి మొహంలోకి చూసింది. "ఏం రాయమంటారు మాస్టారూ?"

పిల్లలకి చెప్పినంత సులువుగా ఉందా ఇక్కడ? ఉన్నది రాయమంటే ఆమె పొయ్యి ఆరిపోతుంది. లేనిది రాయమనడానికి నోరు రాదు. నిజం చెప్పి తను బయటపడ్డాడు, అబద్ధం తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాడు. నోరు విప్పలేదు. ఆ మౌనమే జవాబనుకుని ఆమె 'తెరిచి ఉంది' అని రాసింది. వంకర అక్షరాలు.

మధ్యాహ్నం దాకా గేటు బయటే నిలబడ్డాడు. డబ్బాతో వచ్చిన లాయరమ్మకి జరిగిందంతా చెప్పాడు.

"అమ్మ పెట్టిందా సంతకం?"

"పెట్టింది."

డబ్బాని గుండెకి అదుముకుంది. "ఇంక ఎవరికీ చెప్పకండి మాస్టారూ. ఫైరాఫీసరొస్తే అమ్మనే కదా పట్టుకుంటాడు? నేను ఊరికే అడిగాను. నిజంగా, ఊరికే."

"ఊరికే అడగలేదు నువ్వు. సరిగ్గానే అడిగావు."

"అయితే ఇప్పుడు పాపం ఎవరిది? అమ్మదా?"

"తాళం వేసినవాడిది. ఇన్నాళ్లూ దాన్ని దాచినవాడిది. మీ అమ్మది ఒక్క పూట కాగితం, అదీ పీక మీద కూర్చుని రాయించింది. వెనకున్న పదకొండు నెలలూ నావి." చేతిసంచి తట్టాడు. ఇన్నాళ్లూ తను సంతకం పెట్టిన కాగితాల నకళ్లన్నీ అందులో ఉన్నాయి. "ఆ మాట పొద్దున్న మీ అమ్మతో అనాల్సింది. నోరు పెగల్లేదు. లోపలికెళ్లి చెప్పు, రేపటి కాగితం ముట్టుకోవద్దని."

"ముట్టుకోకపోతే పని పోతుంది."

"పోవచ్చు" అన్నాడు. అబద్ధం చెప్పడానికి ఇక ఓపిక లేదు.

ఆ పిల్ల లోపలికి వెళ్తుందో లేదో చూడకుండా నడిచాడు.

ఫైరాఫీసులో గుమాస్తా ఫిర్యాదు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఫిర్యాదు చేసేవారి పేరూ, ఎవరి మీదో వాళ్ల పేరూ ఒకటే రాశారేంటండీ?"

"ఒకటే. యజమాని పేరు దాని కింద ఉంది చూడండి. ఇవాళ్టి సంతకం బలవంతంగా పెట్టించారని కూడా రాశాను."

"మీరు జైలుకెళ్తారండోయ్."

"ఆఫీసరుగారు ఎప్పుడొస్తారు?"

"భోజనానికి వెళ్లారు. కూర్చోండి."

"లోపల నలభై రెండు మంది ఉన్నారండీ."

"తాళం తీయించాలన్నా ఆయనే రావాలి. అందుకే కూర్చోమంటున్నాను."

మాస్టారు కూర్చోలేదు.