రెండు పొయ్యిల ఇళ్ళు

వీరభద్రానికి అమెరికా మీద కోపం వచ్చి అప్పటికి మూడు నెలలైంది. యుద్ధాల గురించో వీసాల గురించో కాదు. ఆ దేశంలో ఎల్డన్‌వేల్ అనే ఊళ్ళో ఒక ముసలావిడకు ఎనభై ఒక్కేళ్ళు. ఇంట్లో నాలుగు పడకగదులు, రెండున్నర స్నానాల గదులు, ఉండేది ఆవిడ ఒక్కతే. ఆ అర స్నానాల గది ఏమిటో ఆయనకు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. పక్కింట్లో డెబ్భై తొమ్మిదేళ్ళాయన, ఆయనా ఒక్కడే. ఆ వీధి మొత్తం అంతే. ఫారం తర్వాత ఫారం తిప్పుతూ ఆయన తల పట్టుకునేవాడు. ఆ ఒక్క ఇల్లు బెంగళూరు హూడిలో ఉండుంటే అందులో పదిమంది బ్రహ్మచారులు, వాచ్‌మన్ కుటుంబం, ఒక ట్యూషన్ సెంటరు ఇమిడిపోయి, మేడమీద గది అద్దెకివ్వబడును అని గేటుకు బోర్డు కూడా వేలాడేది.

వీరభద్రం అనంతపురంలో గణాంకాల ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు పనిచేసిన మనిషి. మూడుసార్లు జనాభా లెక్కలు దగ్గరుండి నడిపించాడు. రిటైరయ్యాక భార్య పద్మావతితో కలిసి బెంగళూరు వచ్చి, హూడిలో కొడుకు చైతు, కోడలు జెస్సీ ఉంటున్న అద్దె ఇంట్లో చేరాడు. కిటికీ దగ్గర కూర్చుని రోజుకు ఎన్ని నీళ్ళ ట్యాంకర్లు పోతున్నాయో లెక్కపెడుతూ, సాయంత్రం ఆ లెక్క అందరికీ అప్పజెబుతుంటే, వినలేక చైతే ఎవరితోనో చెప్పి వైట్‌ఫీల్డ్‌లో ఈ పని ఇప్పించాడు. అది 2005. ఆ ఏడు వైట్‌ఫీల్డ్‌లో దేనికైనా గిరాకీ ఉండేది, ఆఖరికి అరవైకి దగ్గరపడ్డ వీరభద్రానికి కూడా.

కంపెనీ పని ఇది. ఎల్డన్‌వేల్ ఒక పెద్ద నగరం శివార్లలో, యాభై ఏళ్ళ కిందట చిన్నపిల్లలున్న జంటల కోసం కట్టిన ఊరు. ఆ జంటలు ముసలివాళ్ళయ్యారు. బళ్ళలో పిల్లలు లేరు. ఖాళీ అయిన ఇళ్ళలోకి ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వచ్చి చేరుతున్నారు. ఇంకో పాతికేళ్ళకు ఊరు ఎలా మారుతుంది, బడి మూసెయ్యాలా, ముసలివాళ్ళకు బస్సు వెయ్యాలా, ఎలాంటి ఇళ్ళు కట్టనివ్వాలి అని తేల్చుకోవడానికి అక్కడి కౌన్సిలు ఇంటింటికీ ఫారాలు పంచింది. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి లెక్క తేల్చడం వైట్‌ఫీల్డ్‌లో పదహారుమంది పని. వాళ్ళు చేసింది తనిఖీ చెయ్యడం వీరభద్రం పని. అందరికీ పైన లలిత్. విజయవాడ కుర్రాడు, ఇరవై ఆరేళ్ళు. ఏది అడిగినా ముందు నో ఇష్యూస్ అంటాడు, తర్వాత ప్రశ్న వింటాడు, ఆ తర్వాత కంగారుపడతాడు.

చిక్కు కొత్తగా వచ్చినవాళ్ళ ఫారాల దగ్గర వచ్చింది. గ్వాటెమాలా వాళ్ళు, వియత్నాం వాళ్ళు, పంజాబీలు. ఒక్కో ఇంట్లో తాతా నాయనమ్మల నుంచి చంటిపిల్లల దాకా ఎనిమిది, తొమ్మిది మంది. అవి చూసి వీరభద్రానికి ప్రాణం లేచొచ్చింది, హమ్మయ్య, మనుషులు అనుకున్నాడు. కానీ ఆ ఇళ్ళలో చాలావాటికి నేలమాళిగలో రెండో వంటగది ఉంది. దీన్ని ఒక కుటుంబం అనాలా, రెండు అనాలా అన్నది కంపెనీకిచ్చిన సూచనల్లో ఎక్కడా లేదు. ఈ పని పంపిన అమెరికా క్లయింటును అడుగుదామంటే, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అనుకుంటారని లలిత్ భయం.

అప్పుడు వీరభద్రం ఆ ఆఫీసులో మొదటిసారి నవ్వాడు. "దీనికి అమెరికాను అడగల్లా? పొయ్యి చూడప్పా. ఒక పొయ్యి ఉంటే ఒక కుటుంబం, రెండుంటే రెండు. మా జిల్లాలో ఏ పల్లెలో అడిగినా చెప్తారు" అన్నాడు.

మన జనాభా లెక్కల్లో కుటుంబమంటే ఒకే వంట తినేవాళ్ళు. అమెరికా లెక్క వేరు, అక్కడ ఒక ఇంటి కప్పు కింద ఎందరుంటే అందరూ ఒక కుటుంబమే. ఆ సంగతి వీరభద్రానికి తెలియదు, తెలుసుకోవాలనీ తోచలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ మధ్యాహ్నమే ఒక పేజీ నియమాలు రాసిచ్చాడు. పదహారుమందీ దాన్ని కంప్యూటర్ల పక్కన అంటించుకున్నారు. రెండు వంటగదులున్న రెండువందల పద్నాలుగు ఇళ్ళు రెండేసి కుటుంబాలుగా చీలిపోయాయి. లెక్క వేళకు వెళ్ళింది. లలిత్ అందరికీ కేకు కోయించాడు.

ఆరు వారాల తర్వాత లలిత్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. ఎల్డన్‌వేల్ స్థానిక పత్రిక నుంచి ప్రింటు తీసింది. ముఖంలో నో ఇష్యూస్ లేదు. ఆ ఊళ్ళో ఆ వీధులన్నీ ఇంటికి ఒకే కుటుంబం ఉండాలని చట్టం చేసి కట్టినవట. కౌన్సిలువాళ్ళు రిపోర్టులోంచి రెండు కుటుంబాల ఇళ్ళ జాబితా తీసి, రెండువందల పద్నాలుగు ఇళ్ళకూ నోటీసులు పంపించారు. తొంభై రోజుల్లో ఒక కుటుంబం ఖాళీ చెయ్యాలి. నేలమాళిగ గుమ్మం ముందు ఒక గ్వాటెమాలా ముసలావిడ చేతిలో నోటీసుతో నిలబడిన ఫొటో కూడా ఉంది. వచ్చే నెల బహిరంగ విచారణ, ఆ లోపల ఎవరైనా ఉత్తరం రాయొచ్చని కింద ఉంది.

వీరభద్రం దాన్ని రెండుసార్లు చదివి, తప్పు తనది కాదన్నాడు. తాను లెక్క చెప్పాడు, చట్టం చెయ్యలేదు. కొలబద్ద ఇచ్చినవాడిదా తప్పు, దాంతో తల పగలగొట్టినవాడిదా? లలిత్‌కు చెప్పాడు, క్యాంటీన్లో చెప్పాడు, ఇంటికి పోయే బస్సులో పక్కనున్న మనిషికి చెప్పాడు. కుందలహళ్ళి దగ్గర బస్సు గంటసేపు కదలకపోవడం వల్ల ఆ మనిషి మొత్తం వినాల్సి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మళ్ళీ అదే ఎత్తుకున్నాడు. నలుగురూ కూర్చున్నారు. పద్మావతికి చేపల వాసన పడదు, గుంటూరు పిల్ల జెస్సీకి చేప లేకపోతే ముద్ద దిగదు. అందుకని అత్తా కోడలే మాట్లాడుకుని, మేడమీది గదిలో ఇంకో పొయ్యి పెట్టించుకున్నారు. ఆ ఏర్పాటు జరిగిన సంగతి కూడా మగవాళ్ళకు రెండు రోజుల తర్వాత గానీ తెలియలేదు. వీరభద్రం పొయ్యిల సిద్ధాంతం వివరిస్తుంటే చైతు ఊకొడుతూ తింటున్నాడు. జెస్సీ తినడం ఆపేసింది.

"మావయ్యా, మొన్న ఓనరు గారు తెచ్చిన ఫారంలో కూడా ఇలాగే రాశారుగా" అంది. "మీరూ అత్తయ్యా ఒకటి, నేనూ చైతూ ఒకటి. నేను చూశాను."

పదిరోజుల కిందట ఇంటి ఓనరు చిక్కమునియప్ప మునిసిపాలిటీ ఫారం పట్టుకొచ్చి, ఈ ఇంట్లో ఎన్ని సంసారాలు ఉండాయని అడిగాడు. వీరభద్రం కళ్ళజోడు పెట్టుకుని, అలవాటైన చేత్తో, రెండు అని గుండ్రంగా రాసిచ్చాడు. అందులో ఆలోచించాల్సింది ఏమైనా ఉందని ఆయనకు అనిపించలేదు.

"అది రూలమ్మా" అన్నాడు.

"చేపలు వండుకుంటున్నానని వేరు పెట్టారనుకున్నాను" అంది జెస్సీ. గొంతు మామూలుగానే ఉంది. "పదిరోజుల్నించీ అడుగుదామా వద్దా అని అనుకుంటున్నా."

చైతు తండ్రి వైపు చూశాడు. పద్మావతి మాత్రం చూడను కూడా లేదు, గరిటె కింద పెట్టింది. "మీ కంచంలో అన్నం నా పొయ్యి మీదిది, వంకాయ కూర ఆ పిల్ల పొయ్యి మీదిది. ఇప్పుడు మీరు ఏ సంసారంలో ఉండారో చెప్పి తినండి" అంది.

వీరభద్రం ఆ ముద్ద కంచంలోనే వదిలేశాడు. మెట్టెక్కితే పొయ్యి, మెట్టు దిగితే పొయ్యి ఉన్న ఇళ్ళు ఆయన ఎన్ని చూడలేదు? మాంసానికి ఒకటి, మామూలు వంటకు ఒకటి పెట్టుకున్న ఇళ్ళు కదిరి వైపు ఎన్ని? లెక్కలకు వచ్చిన బడిపంతుళ్ళు వాటిని రెండని రాసుకొస్తే, వెనక్కు పంపింది తనే. పొయ్యిలు లెక్కపెట్టొద్దయ్యా, కలిసి తింటారా అని అడుగు అని ముప్ఫై మూడేళ్ళు అరిచింది తనే. అమెరికా ఫారంలో ఆ ప్రశ్న లేదు, అక్కడికి పోయి అడిగే దారి లేదు, అందుకని తన రూలులో సగం వదిలేసి మిగతా సగంతో రెండువందల పద్నాలుగు ఇళ్ళను నరికాడు. సొంతింట్లో అడగడానికి అడ్డేమొచ్చిందో ఆయనకే తెలియలేదు. కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుని, చొక్కా తొడుక్కుని చిక్కమునియప్ప ఇంటికి పోయాడు.

ఫారం అప్పుడే పైకి వెళ్ళిపోయింది. దిద్దాలంటే మహదేవపుర మునిసిపాలిటీ ఆఫీసుకు పోవాలి, అక్కడ దిద్దే మనిషి సెలవులో ఉన్నాడు. చిక్కమునియప్ప ఆయన ఆత్రం చూసి ఆశ్చర్యపోయాడు.

"ఒకటి రాసినా, రెండు రాసినా మనకు నీళ్ళు వచ్చేది వారానికి ఒకతూరే గదా సార్. ఏల ఇంత బేజారు చేసుకుంటారప్పా" అన్నాడు.

సోమవారం పొద్దున వీరభద్రం క్లయింటుకు నేరుగా మెయిలు పెట్టాడు. ఈ తప్పు కంపెనీది కాదు, నాది, ఈ ఇళ్ళవాళ్ళు కలిసి తింటారో లేదో ఎవరూ అడగలేదు, కాబట్టి రెండువందల పద్నాలుగింటినీ ఒక్కో కుటుంబంగా దిద్దుతాను అని. నన్ను అడక్కుండా ఎలా పంపుతారు అంకుల్ అని లలిత్ నీరుగారిపోయాడు. వీరభద్రం ఉద్యోగం పోతుందని సిద్ధపడి, డెస్కులో ఉన్న ముక్కుపొడి డబ్బా, పాత కళ్ళజోడు సంచిలో వేసుకున్నాడు.

గురువారం ఫోన్ మీటింగు. అటునుంచి క్లయింటు తరఫున ఒకామె ఎంతో మర్యాదగా మాట్లాడింది. మిస్టర్ వీరభద్రం నిజాయితీ తమకు నచ్చిందంది. అయితే దిద్దనక్కర్లేదంది. కౌన్సిలులో ఎక్కువమందికి ఈ లెక్క చాలా ఉపయోగపడిందంది. ఊరు మారిపోతోందని వాళ్ళు ఎప్పట్నుంచో అంటున్నారు, చేతిలో అంకె లేక ఆగారు. ఇప్పుడు చుట్టుపక్కల ఇంకో మూడు ఊళ్ళు తమకూ ఇదే వంటగది పద్ధతిలో లెక్క కావాలంటున్నాయి. ఆ పనికి వీరభద్రమే ముందుండాలని వాళ్ళ కోరిక. లలిత్ బల్ల కిందనుంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు.

వీరభద్రానికి తలప్రాణం తోకకు వచ్చింది. తప్పు చేశాను మొర్రో అంటుంటే మెడలో దండ వేసే మనుషుల్ని ఆయన తన సర్వీసులో చూడలేదు. తన ఆఫీసు ఇంగ్లీషులో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. వాళ్ళు కలిసి తింటారా, లేదా? ఆమె మంచి ప్రశ్న అంది, దాని గురించి తర్వాత విడిగా మాట్లాడుకుందామంది.

ఆయన మెడలో ఉన్న గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టాడు. లలిత్ వెనకాలే లిఫ్టు దాకా వచ్చాడు.

"అంకుల్, మీరెందుకు పర్సనల్‌గా తీసుకుంటున్నారు? వాళ్ళ ఊరు, వాళ్ళ రూల్స్. మనం జస్ట్ డేటా ఇచ్చాం."

"ఆ రూలు వాళ్ళది కాదు నాయనా, నాది" అన్నాడు వీరభద్రం. "అదీ సగం."

ఆ సాయంత్రం ఇంట్లో చైతు, ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకుని ఎవరికి మేలు చేశారని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వీరభద్రం విసుక్కున్నాడు. పత్రిక ప్రింటు జేబులోంచి తీసి, విచారణకు ఉత్తరం పంపాల్సిన చిరునామా ఉన్న చోట గీత గీసి, జెస్సీ ముందు పెట్టాడు. ఆయనకు ఒక్కో అక్షరం వెతికి కొట్టడం తప్ప రాదు, ఆ అమ్మాయికి వేళ్ళు చూడకుండా టైపు వచ్చు. ఏమీ అడక్కుండా ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఆయన నిలబడి తెలుగులో చెబుతున్నాడు, ఆమె ఇంగ్లీషులో కొడుతోంది. అయ్యా, మీ ఊళ్ళో రెండువందల పద్నాలుగు ఇళ్ళను రెండుగా రాసిన మనిషిని నేను. నేను ఆ ఇళ్ళు చూడలేదు. ఆ మనుషుల్ని ఒక్క ప్రశ్న అడగలేదు. కలిసి తినేవాళ్ళను రెండు కుటుంబాలుగా రాయకూడదని నాకు తెలుసు, తెలిసి కూడా రాశాను. దాని మీద నోటీసు ఇవ్వడం తప్పు. అక్కడిదాకా గడగడా చెప్పి, ఆ తర్వాత గది అంతా రెండుసార్లు తిరిగాడు. ఫ్యాను వేగం పెంచాడు, తగ్గించాడు. పద్మావతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మా ఇంట్లో కూడా రెండు పొయ్యిలున్నాయి" అన్నాడు చివరికి, గోడవైపు చూస్తూ. "మేము ఒక్కటే కుటుంబం."

టైపు చప్పుడు ఆగింది. జెస్సీ తెర మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఎంతమందిమని రాయమంటారు మావయ్యా?"

"నలుగురని రాయి" అన్నాడు వీరభద్రం. "అదీ నేనే చెప్పల్లా? ఇంట్లో ఉండేదానివి, నీకు తెలీదా?"