మూడో వరసలో తప్పు

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. పిడుగు అనే పిల్ల విషయంలో అది అతకడం మాట అటుంచి, ఏకంగా మెడకే చుట్టుకుంది. నిజానికి ఆ అబద్ధం ఆమె సొంతం కూడా కాదు. అది విదేశీ చదువుల దరఖాస్తులు నింపిపెట్టే కన్సల్టెన్సీ ఆయనది. ఆయనకు పెన్నెప్పుడూ చెవి మీద, మనసెప్పుడూ భోజనం మీద ఉంటాయి. దరఖాస్తులో ‘మీ అభిరుచులు’ అన్న గడి దగ్గర పిడుగు నిజాయతీగా ‘నిద్ర’ అని రాస్తే, ఆయన దాన్ని కొట్టేసి ‘ఇంట్లో ఉన్ని అల్లడం, కేకులు చేయడం’ అని రాసేశాడు.

“నాకు రెండూ రావండీ,” అంది పిడుగు.

“ఎవరొచ్చి చూస్తారమ్మా? ఆ గడి పెట్టింది నింపడానికి. చదవడానికి కాదు.”

చదివారు. ఆమె దరఖాస్తు చేసిన కాలేజీలో పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చేది ఒక ట్రస్టు. దాన్ని పెట్టిపోయిన పెద్దావిడకు బతికినన్నాళ్లూ రెండే సరదాలు, ఒకటి అల్లడం, రెండోది కేకులు చేయడం. ‘ఈ రెండూ రాసిన అభ్యర్థి మాకు ఇన్నాళ్లకు దొరికారు’ అంటూ ఉత్తరం పొంగిపోయింది. ఆరు వారాల్లో వీడియో ఇంటర్వ్యూ. స్వయంగా అల్లినదొకటి, స్వయంగా చేసిన కేకొకటి చూపించాలి. కన్సల్టెన్సీ ఆయనకు ఫోన్ చేస్తే, “చూశావా, నా రాత ఎలా పనిచేసిందో!” అని మురిసిపోయి, భోజనానికి వేళయిందని పెట్టేశాడు.

ఆ స్కాలర్‌షిప్ వస్తేనే ప్రయాణం. రాకపోతే సీటు గాల్లో కలిసిపోతుంది. పిడుగుకు ఆ చదువంటే మామూలు ఇష్టం కాదు. చదువేమిటంటే, మురుగునీటిని శుద్ధి చేయడం. వానపడి వీధిలో కాలువ పొంగితే అందరూ ముక్కులు మూసుకుని తలుపులేసుకుంటే, ఈ పిల్ల గొడుగేసుకుని వెళ్లి నీళ్లు ఎక్కడ ఆగాయో తొంగిచూసేది. ఇంట్లో పిడుగు అని పేరేగానీ, ఎప్పుడు చూసినా మంచం మీదే పడి ఉంటుంది. ఆమె లేచి పరుగెత్తేది ఒక్క ఆ మురుగుకాలువ కోసమే.

ఇక కేకు సంగతి. ఇంట్లో ఓవెన్ ఉంది. ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే నాన్నకు ఏదో దుకాణం లక్కీడ్రాలో వచ్చింది. అట్టపెట్టె విప్పిన రోజునే, “దీనికి తలుపు గట్టిగా పడుతోంది, ఎలకలు దూరవు,” అని అమ్మ అందులో ఇంటి కాగితాలన్నీ సర్దేసింది. పదకొండేళ్లుగా అది బీరువాగానే బతికింది. నాన్న వైరు మార్చి, “ముందు ఖాళీగా వేడి చేయాలట,” అంటూ స్విచ్చి వేశాడు. ఖాళీ అనుకున్నది ఆయనొక్కడే. ఆ ఓవెన్‌లో మొట్టమొదట కాలింది పిడుగు పదో తరగతి మార్కుల జాబితా.

“అయ్యో, నా లెక్కల మార్కులు!” అని పిడుగు గావుకేక పెట్టింది.

“నీ లెక్కల మార్కులకు ఇప్పుడు కాస్త రంగొచ్చిందిలే,” అన్నాడు నాన్న, అంచులు మాడిన కాగితాన్ని పట్టకారుతో బయటికి లాగుతూ. అదృష్టం బాగుండి అది నకలు. అసలుది కన్సల్టెన్సీ ఆయన దగ్గరుంది, అంటే ఓవెన్‌లో ఉన్నదానికన్నా పెద్ద ప్రమాదంలోనే ఉంది.

అమ్మ రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. చేతికి తొడుగులేనిదే గుడ్డు కూడా పగలగొట్టదు. ప్రతి కేకుకూ తేదీ, వేడి, నిమిషాలు నోటుబుక్కులో ఎక్కించేది. మొదటి కేకు గోడకు మేకు కొట్టడానికి పనికొచ్చేది. రెండోది పైన బొగ్గు, లోపల బురద. అమ్మ దాన్ని పుల్లతో గుచ్చి చూసి, ల్యాబ్‌లో చెప్పినట్టే చెప్పింది: “శాంపిల్ పనికిరాదు. మళ్లీ ఇవ్వాలి.”

అల్లిక నేర్పే భారం నాన్నమ్మ మీద పడింది. నాన్నమ్మ ముప్ఫై ఏళ్లు కాన్పుల ఆసుపత్రిలో దుప్పట్ల గదిలో పనిచేసింది. పని లేనప్పుడల్లా అప్పుడే పుట్టిన పిల్లలకు టోపీలు అల్లేది. “ఊళ్లో సగం బుర్రలు నా చేతిలోంచి పోయినవే. వాటిలో ఏమీ లేదని నాకప్పుడే తెలుసు,” అంటుంది. ఇప్పుడామె వేళ్లు కొంకర్లు పోయాయి. సూదులు పట్టుకోలేదు. కళ్లు మాత్రం డేగకళ్లు. అల్లడం పోయినా విప్పడం పోలేదు. దారం కొస దొరికితే చాలు, సర్రున లాగేస్తుంది.

ఆ ఇంట్లో ఉన్ని కొనడమన్న మాటే లేదు. ఉన్నది ఒకటే ఎర్ర ఉన్ని. అది ముందు నాన్నకు చిన్నప్పటి స్వెట్టరు, తర్వాత అమ్మకు పురిటి శాలువా, ఆ తర్వాత పిడుగుకు గౌను, చివరికి మిక్సీకి ముసుగు. ఒకరికి చాలకపోగానే నాన్నమ్మ దాన్ని విప్పి ఇంకొకరికి అల్లేది. ఇప్పుడు మిక్సీకి ముసుగు తీసేసి పిడుగు చేతికి దారం ఇచ్చారు. మెడకు చుట్టుకునే మఫ్లరు అల్లాలి. అంతకన్నా తేలిక పని లేదట.

తేలికేమో గానీ, పిడుగు రోజంతా కూచుని ఇరవై వరసలు అల్లితే, సాయంత్రానికి నాన్నమ్మ వేలితో తడిమి, “ఇదిగో, మూడో వరసలో ఒక కుట్టు జారిపోయింది,” అని పదిహేడు వరసలూ విప్పేసేది.

“ఒక్క కుట్టేగా నాన్నమ్మా! ఎవరు చూడొచ్చారు?”

“నేను చూశాగా. తప్పు కనపడ్డాక దాని మీద ఇంకో వరస వేయడమంటే బురదకాళ్లతో మంచమెక్కడమే.”

ఆరు వారాల్లో పిడుగు అల్లినదంతా కలిపితే వీధి చివరిదాకా పరవొచ్చు. విప్పింది పోగా మిగిలింది మూరెడు. ఆ మూరెడూ చూసుకుని పిడుగు మూడుసార్లు అద్దం ముందు నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె మొదలుపెట్టి పూర్తిచేసిన పని అదొక్కటే.

ఇంటర్వ్యూ రోజు ఉదయం కేకు ఓవెన్‌లో ఉంది. అమ్మ గడియారం పట్టుకుని కాపలా కాస్తోంది. నాన్న ల్యాప్‌టాప్ కింద పుస్తకాలు పేరుస్తున్నాడు. మఫ్లరు మడతపెట్టి బల్ల మీద ఉంచి పిడుగు స్నానానికి వెళ్లింది. వచ్చేసరికి బల్ల మీద మఫ్లరు లేదు. నాన్నమ్మ ఒళ్లో ఎర్రటి ఉండ ఉంది.

పిడుగు ఆ ఉండను చూసి, బల్లను చూసి, మళ్లీ ఉండను చూసింది.

“మూడో వరసలో...” అని మొదలుపెట్టింది నాన్నమ్మ. “నిన్న దీపం వెలుతుర్లో కనపడలేదే. ఇందాక ఎండలో చూస్తే...”

“ఇంకో అరగంటలో ఇంటర్వ్యూ! నేను వెళ్లడం నీకిష్టం లేదు కదూ? అందుకేగా విప్పావు? ఆ మాటేదో నోటితో చెప్పొచ్చుగా!”

నాన్నమ్మ మొహం చిన్నబోయింది. “నీ చేతి పని పదిమందికీ చూపిస్తావు గదా, తప్పుతో చూపించకూడదనీ...” అంది. చేతులు ఉండ చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటికి ఆగడం రాదు. పిడుగు తుండుతో తల గట్టిగా తుడుచుకుంది. తిట్టినందుకు బాధేసింది. తిట్టకపోయుంటే ఇంకా బాధేసేది.

అప్పుడే అమ్మ కేకు బయటికి తీసింది. రంగు బాగుంది, వాసన బాగుంది. నడిమధ్యలో మాత్రం గుంట పడింది. “మొత్తం మీద శాంపిల్ పనికొస్తుంది,” అంది అమ్మ, ఎవరూ అడగకుండానే.

తెర మీద ట్రస్టు వాళ్లు ముగ్గురు కనపడ్డారు. ఒక బట్టతల ఆయన, కళ్లజోడు పెట్టుకున్న ఒక పడుచు, నడుమ ఆకుపచ్చ స్వెట్టరులో ఒక ముసలావిడ. పిడుగు వాళ్ల భాషలో నమస్కారం చెప్పి కేకు చూపించింది. మధ్యలో ఆ గుంట ఏమిటని బట్టతల ఆయన అడిగాడు.

“నేల ఎటు వాలితే నీళ్లు అటు చేరతాయండీ. నా చదువంతా అదే,” అంది. పడుచు నవ్వింది. ముసలావిడ నవ్వలేదు. అల్లింది చూపించమంది.

పిడుగు ఉన్ని ఉండనూ రెండు సూదులనూ ఎత్తి పట్టుకుంది. ఏం కథ చెప్పాలా అని ఒక్క క్షణం వెతికింది. ఇన్ని వారాల కష్టం తర్వాత ఇంకో అబద్ధానికి ఓపిక లేదనిపించింది. “ఆ గడిలో రాసింది నేను కాదండీ. నాకప్పుడివి రెండూ రావు. మీ ఉత్తరం వచ్చాకే నేర్చుకున్నాను. మఫ్లరు అల్లాను. పొద్దున్నే మా నాన్నమ్మ తప్పు కనిపెట్టి మొత్తం విప్పేసింది.”

ముసలావిడ ముందుకు వంగింది. దారాన్ని దగ్గరగా చూపించమంది. ఎన్నోసార్లు అల్లి విప్పడంతో ఆ దారం నిండా వంకరలే. “ఇది ఎన్నో అల్లిక?” అని అడిగింది.

పిడుగు వేళ్లు లెక్కపెడుతుంటే వెనకాల నుంచి నాన్నమ్మ మెడ చాచింది. “ఒసేయ్, ఆవిడ స్వెట్టరు చూడవే. ఎడమ భుజం దగ్గర కుట్టు జారిపోయింది. విప్పి మళ్లీ అల్లుకోమని చెప్పు.”

“నాన్నమ్మా, నీకు దణ్ణం పెడతా, ఊరుకో.”

“ఆమె ఏమంటున్నారు?” అంది ముసలావిడ.

“మీ స్వెట్టరు బాగుందంటోంది” అన్న మాట పిడుగు నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనుంచి నాన్న సైగలు చేస్తున్నాడు. అమ్మ కళ్లు మూసుకుంది. అయినా ఉన్నదున్నట్టు చెప్పేసింది. బట్టతల ఆయన పైకప్పు కేసి చూశాడు. ముసలావిడ తల తిప్పి తన భుజాన్ని తడుముకుంది, కళ్లజోడు తెప్పించుకుని మరీ చూసుకుంది. తర్వాత, “సరే, తెలియజేస్తాం,” అంది. తెర నల్లబడింది.

“పోనీలే,” అన్నాడు నాన్న, పేర్చిన పుస్తకాలు ఒక్కొక్కటే తీస్తూ. ఆ పూట అందరూ గుంటపడ్డ కేకు తిన్నారు. బాగుంది. ఎవరూ ఆ మాట అనలేదు. నాన్నమ్మ ముట్టుకోలేదు. ఆమె రెండు వారాలు ఎవరి చేతిలో ఏ తప్పూ పట్టలేదు. చొక్కా తిరగేసి తొడుక్కుని నాన్న ఎదురుగా తిరిగినా పలకలేదు. అది చూసి పిడుగుకు సీటు పోయినదానికన్నా ఎక్కువ దిగులేసింది.

మూడో వారంలో పార్సిలొచ్చింది. పైన స్కాలర్‌షిప్ మంజూరు కాగితం. దాని కింద ఆకుపచ్చ స్వెట్టరు, దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ. ‘ఇది నేను పద్దెనిమిదేళ్ల క్రితం అల్లాను. తప్పు చూసినవాళ్లు ఉండే ఉంటారు, చెప్పినవాళ్లు లేరు. మీ నాన్నమ్మగారిని సరిచేయమనండి. వచ్చేటప్పుడు మీరే పట్టుకురండి. చలి ముదరకముందే రండి, నాకు ఇంకో స్వెట్టరు లేదు.’

అమ్మ ఏడ్చింది. నాన్న ఆ మంజూరు కాగితాన్ని అలవాటు కొద్దీ ఓవెన్‌లో పెట్టబోతే ముగ్గురూ ఒకేసారి అరిచారు. కన్సల్టెన్సీ ఆయన ఆ వారం నుంచి వచ్చిన ప్రతి దరఖాస్తులోనూ అల్లడం, కేకులు అనే రాస్తున్నాడట, లారీ డ్రైవరు కొడుక్కి కూడా.

నాన్నమ్మ స్వెట్టరును ఒళ్లో వేసుకుని ఎడమ భుజం విప్పింది. ఎన్నాళ్లకో ఆమె మొహంలో కళ వచ్చింది. దారం చుట్టి పిడుగు చేతిలో పెట్టి, “విప్పడం నా వంతు. అల్లడం నీ వంతు,” అంది. ప్రయాణం దాకా మిగిలిన రోజులన్నీ ఇద్దరూ కిటికీ పక్కనే కూచున్నారు. పిడుగు అల్లేది, నాన్నమ్మ విప్పేది.

పెట్టె సర్దే రోజున భుజం పూర్తయింది. నాన్నమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి, వేలితో ఒక్కో వరసా తడుముకుంటూ వచ్చింది. ఒకచోట వేలు ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో పిడుగు కూడా చూసింది. మూడో వరస.

“విప్పేయి నాన్నమ్మా. ఇంకా టైముంది. నేను అల్లేస్తాను.”

నాన్నమ్మ దారం కొస పట్టుకుంది. లాగకుండానే వదిలేసింది.

“ఉండనీలే.”

“అదేంటి? బురదకాళ్లు అంటావుగా?”

“ఆవిడకి కళ్లున్నాయిగా. పట్టుకుంటుంది. పట్టుకుంటే నిన్ను పక్కన కూచోబెట్టుకుని విప్పిస్తుంది,” అంది నాన్నమ్మ, స్వెట్టరు మీద లేని నూగు దులుపుతూ. “అక్కడ కూడా నీ తప్పు చూపించడానికి ఒక ముసలిది ఉండాలి కదే.”

పిడుగు స్వెట్టరు మడిచి, ఎడమ భుజం పైకి కనపడేలా పెట్టి, పెట్టె మూసింది.