ఆముదం బస్సు

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టి ఉంది. కురిసే మబ్బు కాదు, ఊరికే మొహం మాడ్చుకుని కూర్చున్న మబ్బు. అత్తయ్య వాకిట్లో నిలబడి పైకి చూసి, "ఈ మధ్య వాన కూడా నీలాగే తయారైంది, రమ్మంటే రాదు, పొమ్మంటే పోదు" అంది. ఆ మాట నాకే. పెరటి పాకలో పీపాలోంచి ఇంధనం వడగడుతున్నాను. నేను ఆముదం నుంచి తీసిన ఇంధనం. ఆ పూటే డిపోలో పరీక్ష. అది పోసిన బస్సుని మా ఆయన మిట్ట రోడ్డెక్కించాలి. ఎక్కితే డిపో బస్సులన్నిటికీ ఇంధనం తీసే పని మొదలవుతుంది. దాన్ని చూసుకోవడానికి ఒక పెద్ద కావాలి. ఆ పెద్ద నేనే కావాలని నా మనసులో ఉంది. ఇంట్లో చెప్పలేదు.

మా ఆయన బస్సు డ్రైవరు. ఆయన చొక్కాల్లో డీజిల్ వాసన ఇన్నేళ్లూ నేనే ఉతికాను. అది కష్టపడే మగాడి వాసనట. నా చేతుల ఆముదం వాసన మాత్రం కంపు, పక్క మీద అటు తిరిగి పడుకునేంత కంపు. మా ఇల్లు డిపో గోడ పక్కనే. బస్సుల పొగ ఆరేసిన బట్టల మీద మసిగా దిగేది. ఆ పొగే పైకెళ్లి ఎండల్నీ వానల్నీ తారుమారు చేస్తోందని రేడియోలో చెప్పారు. పై సంగతి నాకేం తెలుసు, బట్టల సంగతి తెలుసు. మొక్క నుంచి తీసిన ఇంధనమైతే మండి వదిలినదాన్ని మళ్లీ పెరిగే మొక్క పీల్చుకుంటుందని కూడా ఆ రేడియోలోనే విన్నాను. గోడ వెంట బీడులో ఆముదం గింజలు వేశాను. వంటా, ఉతుకుడూ, అత్తయ్య మోకాళ్లకి కాపడం అయ్యాక మిగిలిన పొద్దులో కాయలు ఒలిచాను, గానుగ పట్టించాను. నూనెలో తడి ఉండకూడదని తెలియక, కాచకుండానే, దాన్ని ఇంధనంగా మార్చే స్పిరిట్టూ కాస్టిక్ సోడా కలిపేశాను. పీపాకి పీపా సబ్బయి కూర్చుంది. అత్తయ్య ఒక ముద్ద తీసి గుడ్డకి రుద్ది చూసి, "బస్సు నడవకపోతే పోయె, మురికి మాత్రం బాగా వదులుతోంది!" అని వీధంతా చెప్పుకుని నవ్వింది. మా ఆయన నవ్వలేదు. "చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. మన పెరటికి నువ్వే శాస్త్రవేత్తవి" అన్నారు. ఆ సామెత నాకు ఎప్పుడూ అర్థం కాదు. ఏ చెట్టూ మొలవని నేలలో మొలిచినదాన్ని చూసి నవ్వడమెందుకు? మర్నాటి నుంచి నూనెని కాచి తడి పోగొట్టాను. ఈసారి అడుగున జిడ్డు పాకంలా దిగింది, పైన ఇంధనం తేటగా తేరుకుంది. అప్పుడు కూడా ఆయన, "నీ ఆముదం పోస్తే నా బస్సు నడిరోడ్డు మీద కూలబడుతుంది" అనే అన్నారు. గోడవతలి మెకానిక్కుకి ఒక సీసా ఇస్తే, అతనే డ్రైవరు గారింటి ఇంధనమని చెప్పి మేనేజరుని పరీక్షకి ఒప్పించాడు.

ఆ పొద్దున డిపోలో ఇంధనాన్ని డీజిల్‌తో కలిపి ట్యాంకులో నేనే పోశాను. బరువు కోసం మెకానిక్కులూ కండక్టర్లూ నిండా ఎక్కారు. మా ఆయన ఆముదం తాగిన మొహంతో స్టీరింగు పట్టుకున్నారు. ఆయన పక్కన మేనేజరు, వెనక సీట్లో నేను. మిట్ట మొదట్లో ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకుంది. ఆ తర్వాత ఎక్కేసింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి వెనక్కి చూశాను. ఎప్పుడూ నల్లటి పొగ లేచేచోట పల్చటి ఆవిరిలాంటిదేదో కదిలింది. ఆ బస్సునీ, అందులో జనాన్నీ నా రెండు చేతులతో ఎత్తి పైన పెట్టినట్టనిపించింది.

పైకెక్కి ఆగాక మేనేజరు మా ఆయన భుజం తట్టారు. "ఎవరు చేశారయ్యా ఇది?"

"మేం చేశాం సార్, మా ఇంట్లోనే. రేపు ఎంత పని పడినా మేం చూసుకుంటాం."

మిట్ట కింద అది నీ ఆముదం. మిట్ట ఎక్కేసరికి మేం. 'మా ఆవిడ చేసింది' అనడానికి ఎంత నోరు నొప్పి? మేం అనేది పెద్ద దుప్పటి. కప్పుకున్నవాళ్ల తల కనబడుతుంది, కింద పడున్నవాళ్లు కనబడరు.

లేచి నిలబడ్డాను. "నేను చేశాను సార్. మేం కాదు, నేను. ఆ పనికి పెద్దగా కూడా నేనే ఉంటాను."

బస్సంతా నా వైపు తిరిగింది. మా ఆయన గొంతు తగ్గించి, "ఏమే, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం" అన్నారు.

"ఇది ఇంటి పని కాదండీ, డిపో పని."

వెనక నుంచి ఒక కండక్టరు, "అన్నా, రైట్ రైట్!" అని అరిచాడు. నవ్వులు. మేనేజరు కూడా నవ్వి, "అయితే రేపటి నుంచి రండమ్మా" అన్నారు.

మేం ఇల్లు చేరేలోపే వార్త అత్తయ్యని చేరింది. మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. వాళ్లతోపాటే నేనూ వడ్డించుకున్నాను. అత్తయ్య మాట్లాడలేదు. ఆయన మాట్లాడలేదు. ఈ ఇంట్లో ఏది ఒలికినా తుడిచేది నేనే, మౌనం ఒలికినా సరే. ఏదో ఒకటి అడిగి, ఇంకొంచెం వడ్డించి, తప్పంతా నాదేనన్నట్టు ఒక నవ్వు నవ్వి తుడిచేస్తాను.

ఆ పూట తుడవలేదు. బాగా ఆకలిగా ఉంది. కడుపునిండా తిన్నాను.