కొసన పసుపు

మా ఆయన లక్ష్మీకాంత్‌కి గాజంటే పిచ్చి. ముద్దుకి అనడం లేదు, నిజంగానే పిచ్చి. పెళ్ళైన కొత్తలో గవర్నర్‌పేటలో లాడ్జీలకీ, స్వీట్ షాపులకీ నియాన్ బోర్డులు చేసేవారు. గాజు గొట్టాన్ని మంటలో తిప్పుతూ, రబ్బరు ట్యూబు నోట్లో పెట్టుకుని మెల్లిగా ఊదుతూ, అక్షరాలు వంచేవారు. ఆ తర్వాత ఎల్‌ఈడీలొచ్చాయి. గాజు వంచేవాళ్ళతో ఎవరికీ పని లేకుండా పోయింది. ఇంకొకళ్ళైతే చక్కగా వేరే పని చూసుకుందురు. ఈయనగారు వెళ్ళి లేజర్ ట్యూబుల మీద పడ్డారు.

లేజరంటే ఏ కార్పొరేట్ ఆసుపత్రిలోదో అనుకునేరు. గుణదలలో మా ఇంటి ముందు గదిలో నా కటింగ్ మెషీనుంది. జాకెట్ చేతుల మీద కట్‌వర్కు, శుభలేఖల మీద వినాయకుడు, అన్నీ అదే కోసిపెడుతుంది. దాని లోపల చెయ్యి పొడవున ఒక గాజు గొట్టం ఉంటుంది. అందులో గ్యాసు, ఆ గ్యాసులోకి కరెంటు. ఒక చివరనుంచి కంటికి కనబడని వెలుగు బయటికొచ్చి గుడ్డని కోస్తుంది. కొన్నాళ్ళకి గ్యాసు పాడై ఆ గొట్టం చచ్చూరుకుంటుంది. ఊళ్ళో అలా చచ్చిన ట్యూబులన్నీ తెచ్చి, గ్యాసు మార్చి, మళ్ళీ బతికించి ఇవ్వడం మా ఆయన పని.

అక్కడితో ఆగొచ్చుగా? ఆగరు. మొన్నీమధ్య నా మెషీను ట్యూబు పోతే, "కనకం, ఈసారి కొనొద్దు. మొదట్నుంచీ చివరిదాకా నేనే చేస్తా" అన్నారు. అవతల పెళ్ళిళ్ళ సీజను. జాకెట్లు గుట్టలు పడి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చెయ్యండి, చేసి షోకేసులో పెట్టుకోండి. మా జాకెట్ ఎప్పుడిస్తావని అడిగేవాళ్ళకి దాన్నే చూపిస్తా" అన్నాను.

ఈయన నవ్వి ఊరుకున్నారు. అదొక జబ్బు ఆయనకి. నేను అరిచిన ప్రతిసారీ నవ్వుతారు. అరిచిన మనిషికి ఎంత కడుపుమంటగా ఉంటుందో ఆయనకేం తెలుసు?

ఇక మా తమ్ముడు దుర్గాశంకర్. వాడిది గవర్నర్‌పేటలో ఎల్‌ఈడీ బోర్డుల షాపు. అంటే ఈయన పని పోవడానికి వాడూ ఒక చెయ్యి వేశాడన్నమాట. కానీ వెధవ మంచివాడే. "బావా, ఆ పెరట్లో షెడ్డులో ఎన్నాళ్ళు ఆ మంట ముందు మాడతావు? నా షాపుకి వచ్చెయ్" అని ఎప్పట్నుంచో పోరుతున్నాడు. ఈ ట్యూబు సంగతి వినగానే వచ్చి కూర్చున్నాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఈయన తలెత్తి ఇలా అన్నారు.

"సరే దుర్గా. ఆదివారం ట్యూబు ఆన్ చేస్తా. దాని ముందు అట్టముక్క పెడదాం. అట్ట కాలితే నన్ను మళ్ళీ అడగొద్దు. కాలకపోతే బర్నరూ, గాజు తిప్పే లేతు మెషీనూ అమ్మేసి సోమవారం నుంచి నీ షాపుకొస్తా."

"వెలిగితే లెక్కలోకి రాదు బావా. వెలగడానికేం, నీ లాడ్జి బోర్డులు వెలగలేదూ? అట్ట కాలాలి" అన్నాడు వాడు.

"కాలాలి" అన్నారీయన. ఈసారి నవ్వలేదు. అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. అరుస్తాను, తిడతాను, అది వేరే సంగతి. కానీ మంట ముందు కూర్చుని గాజు తిప్పుతున్నప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ మొహం చూసే కదా నేను ఈయన్ని చేసుకుంది. దాన్ని తీసుకెళ్ళి ఏ షాపు కౌంటర్లో కూర్చోబెడతాం?

ఆ మాటలన్నీ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్తయ్య మాణిక్యమ్మగారి చెవిన పడ్డాయి. ఆవిడది పెడన. మా మావయ్యగారు నేత నేసేవారు. నేత సాగక, మగ్గం విప్పేసి కలప కింద ఇచ్చేశారట. "ఆ రోజు మీ మావయ్య అన్నం ముట్టలేదే. మగ్గం లేని గుంటలో కాళ్ళు పెట్టుకుని సాయంత్రం దాకా అలాగే కూర్చున్నారు" అని ఇప్పటికీ చెబుతూ ఉంటారు. ఈయన బర్నరు అమ్మేస్తాననేసరికి ఆవిడ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

ట్యూబు చెయ్యడమంటే మాటలు కాదు. ఒక గొట్టంలో ఒక గొట్టం, దానిలో ఇంకో గొట్టం. లోపలి సన్నటి దాన్లో గ్యాసు వెలుగుతుంది. మధ్యదాన్లో చల్లబరచడానికి నీళ్ళు తిరుగుతాయి. బయటి పెద్దదాన్లో గ్యాసు నిలవ ఉంటుంది. మూడింటినీ చివర్ల దగ్గర కరిగించి అతకాలి. అతికాక బట్టీలో పెట్టి మెల్లమెల్లగా చల్లార్చాలి.

"గాజుక్కూడా లోపల కోపం ఉంటుంది కనకం. చల్లారకుండా పైకి తీస్తే టప్పుమంటుంది. నీలాగే" అన్నారు.

"అయితే నన్నూ ఆ బట్టీలో పెట్టండి" అన్నాను.

అసలు కష్టం రెండు చివరలా పెట్టే అద్దాలతో. వెనకదానికి బంగారు పూత. ముందుది గాజులా ఉంటుంది గానీ గాజు కాదు, చక్కగా పసుపుపచ్చగా ఉంటుంది. లోపల పుట్టిన వెలుగు ఆ రెంటి మధ్యా అటూ ఇటూ కొట్టుకుని బలం పుంజుకుంటే, ముందు అద్దం అందులో కొంచెం బయటికి వదులుతుంది. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురెదురుగా తిన్నగా ఉండాలి. వెంట్రుకవాసి వంకరైనా ట్యూబు గులాబీ రంగులో అందంగా వెలుగుతుంది, కాగితం కూడా కాలదు. ఆ అద్దాలు ఇంట్లో ఒకే జత ఉన్నాయి. వాటిని సరిచెయ్యడానికి ఈయన తిండీ నిద్రా మానేశారు. పిలిస్తే పలకరు, పలికితే "ఊఁ" అంటారు.

ఆ ఊఁ కొట్టే ధ్యాసలో ఉండగానే అత్తయ్యగారు వెళ్ళి అడిగారు. "ఒరే అబ్బాయ్, దీనికి కొస ఎటురా?"

ఈయన తల తిప్పకుండా ముందు అద్దం వైపు వేలు చూపించి, "అదేనమ్మా కొస. దానెదురుగా నిలబడి చూడకూడదు, కళ్ళు పోతాయి" అన్నారు. మా ఇంట్లో అది శాసనం. షెడ్డులోకి ఎవరెళ్ళినా పక్కనుంచే నడవాలి, ట్యూబు ముందుకి వెళ్ళకూడదు. ఆవిడెందుకు అడిగారో ఈయన అడగలేదు, నేనూ పట్టించుకోలేదు.

గాలంతా లాగేసి, గ్యాసు నింపి, మూతి కరిగించి మూసేశారు. ఆదివారం పొద్దున్నే ట్యూబులో తిప్పే శుద్ధమైన నీళ్ళ కోసం ఇబ్రహీంపట్నం వెళ్ళొచ్చారు. వచ్చేసరికి మా తమ్ముడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను టీలు తెచ్చాను. అత్తయ్యగారు తలంటు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డారు.

ఈయన నీళ్ళ పంపు వేశారు. ఎదురుగా అట్టముక్క నిలబెట్టారు. పక్కన నిలబడి, చెయ్యి మాత్రం చాచి, ముందు అద్దం మీద ధూళి పడకుండా పెట్టిన మూత లాగేశారు. అందరికీ కళ్ళజోళ్ళిచ్చారు. ఒక్కసారి నా వంక చూశారు. స్విచ్ నొక్కారు.

అబ్బ! ఎంత బాగా వెలిగిందో! సన్నగా, గులాబీ రంగులో, ఈ చివర్నుంచి ఆ చివరికి.

"దారం పోసినట్టుందిరా!" అన్నారు అత్తయ్యగారు.

అంతలో ఏదో మాడిన వాసన. పొయ్యి మీద పోపుగానీ వదిలేసి వచ్చానా అని వంటింటి వైపు తిరిగాను. వెనకాల టక్కుమని చిన్న చప్పుడు. తిరిగి చూస్తే గులాబీ రంగు తెల్లబడి, వణికి, ఆరిపోయింది. ఈయన స్విచ్ కట్టేశారు. మా తమ్ముడు లేచి అట్టముక్క తీసి అటూ ఇటూ తిప్పాడు. దాని మీద గీత కూడా లేదు.

నీళ్ళ పంపు ఒక్కటే తిరుగుతోంది. ఈయన దాన్ని కట్టేసి, గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"రేపు షాపు ఎన్నింటికి తెరుస్తావు దుర్గా?"

మా తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు. గెలిచినవాడి మొహంలా లేదు.

"ఎందుకు ఆరిపోయిందిరా?" అన్నారు అత్తయ్యగారు. "పొద్దున నువ్వు నీళ్ళకి వెళ్ళినప్పుడు పసుపు కూడా పెట్టానే!"

ఈయన చెయ్యి తుడుచుకోవడం ఆపేశారు. "ఎక్కడ పెట్టావమ్మా?"

"కొసన. కొత్తబట్టకి కొసన పసుపు పెట్టకుండా కట్టుకుంటామా? దీనికీ అంతేగా. నువ్వే చూపించావు కదా, అదే కొస అని. మూత తీసి, తడిపసుపు పెట్టి, మళ్ళీ మూత పెట్టేశా. ఎదురుగా నిలబడలేదురా, పక్కనుంచే పెట్టా."

నేను తల పట్టుకున్నాను. పసుపుపచ్చటి అద్దం మీద పసుపు! చూసినా ఎవరికి తెలుస్తుంది? అసలు దాని మొహం చూడకూడదని శాసనం పెట్టిందే మేము. అత్తయ్యగారి మీద అంతెత్తున లేవబోయాను. ఈయన చేత్తోనే ఆగమన్నారు. ట్యూబుకి కరెంటు వైర్లు పీకేసి, టార్చి తీసుకుని, ముందుకెళ్ళి ఆ కొసని ఆ రోజు మొదటిసారి ఎదురుగా చూశారు.

చాలాసేపు చూశారు. ఆ మనిషి భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకుని పరిగెత్తాను. ఏడుస్తూనే నవ్వుతున్నారు.

"దుర్గా, ఇలా రా. చూడు."

అద్దం అడ్డంగా పగిలి ఉంది. దాని మీద అత్తయ్యగారి బొటనవేలి ముద్ర, ఎండిన పసుపు. ఆ పసుపు సరిగ్గా నడిమధ్యలో, గుండ్రంగా, నల్లగా, మినపగింజంత కాలి ఉంది.

"ఒట్టి వెలుగైతే కాలదు" అన్నారీయన. "వచ్చిందిరా. లేజరొచ్చింది. పక్కకి కూడా జరగలేదు చూడు, నడిమధ్యన! పసుపు అడ్డం పడి అక్కడే మాడింది, ఆ వేడికి అద్దం పగిలి గాలి లోపలికి పోయింది. ట్యూబు తప్పు లేదు."

మా తమ్ముడు వంగి చూశాడు. చేతిలో ఉన్న అట్టముక్కని రెండుగా చింపేశాడు.

"రేపు నువ్వు రావొద్దు బావా" అన్నాడు. "వచ్చావంటే షట్టరు దించేస్తా."

అప్పటికి అత్తయ్యగారికి అర్థమైంది. "అంటే పగలగొట్టింది నేనేనా? మగ్గంలా ఇదీ పోకూడదని పెట్టానురా..." అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మీరు పెట్టకపోతే ఆ అట్టే కాలి ఉండేదిగా అత్తయ్యగారూ అని నాకు నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగేశాను. నా జన్మలో మింగిన మొదటి మాట అదే అయ్యుంటుంది. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, కొంగుతో ఆవిడ మొహం తుడిచాను.

కొత్త అద్దాలు రావడానికి చాలా రోజులు పట్టింది. జాకెట్లవాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదు. నేను ఈయన్ని అన్నన్నీ తిట్టి బాకీ తీర్చుకున్నాను. ఈయన మామూలుగానే నవ్వారు. ట్యూబు మళ్ళీ విప్పి, అద్దాలు కుదిర్చి, గ్యాసు నింపి మూతి మూశారు. మళ్ళీ మేమందరం షెడ్డులో నిలబడ్డాం. అత్తయ్యగారు మాత్రం రానన్నారు. పిలిస్తే గుమ్మం అవతలే నిలబడి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

ఈయన అట్టముక్కతో, పసుపు గిన్నెతో ఆవిడ దగ్గరికెళ్ళారు.

"ఆ రోజు నీకు కొస తప్పు చూపించానమ్మా. పనిలో ఉండి చూడకుండా చెప్పాను. వెలుగు బయల్దేరేది అక్కడ, వచ్చి ఆగేది ఇక్కడ. ఇదీ కొస. పెట్టు."

"నాకొద్దురా."

"నువ్వు పెట్టకపోతే నేను స్విచ్ వెయ్యను."

ఆవిడ నా వంక చూశారు. "పెట్టండత్తయ్యా, అవతల జాకెట్లు ఆగిపోయాయి" అన్నాను, ఏడుపు కనబడకుండా కసురుతున్నట్టు. ఆవిడ బొటనవేలు పసుపులో ముంచి, అట్ట మీద భయంభయంగా అద్దారు. ఈయన దాన్ని తీసుకెళ్ళి ట్యూబుకి ఎదురుగా నిలబెట్టి స్విచ్ నొక్కారు.

గులాబీ దారం వెలిగింది. పసుపులోంచి సన్నగా పొగ లేచింది. అట్ట అవతలికి చిల్లి పడింది.

మా తమ్ముడు ఈలేశాడు. ఈయన అన్నీ కట్టేసి, ఇంకా వెచ్చగా ఉన్న ఆ అట్టని తెచ్చి వాళ్ళమ్మ చేతిలో పెట్టారు. ఆవిడ పసుపు మధ్యలో చిల్లిని వేలితో తడిమారు. తర్వాత కంటి దగ్గర పెట్టుకుని, అందులోంచి కొడుకుని చూశారు.

"ఈసారి నేనేం పగలగొట్టలేదుగా?" అన్నారు.