అరచేతంత మూత

ఆ కాలనీకి చుట్టాలెవరు వచ్చినా ముందుగా చూపించేది చెరువునే. నూట ఇరవై ఇళ్ల నడుమ అంచుదాకా నిండిన నీళ్లు, గట్టున సిమెంటు బెంచీలు, నీళ్ల మీద నాలుగు బాతులు. సాయంత్రం ఆ బెంచీల మీద చోటు దొరకాలంటే కాస్త పెందలాడే వచ్చి కూర్చోవాలి. నడి ఎండాకాలంలో కూడా మా చెరువు తగ్గదండీ అని కాలనీ సంఘం అధ్యక్షుడైన లెక్కల మాస్టారు వచ్చిన వాళ్లందరికీ చెప్పేవారు. ఆ మాట నిజమే. అందులో గొప్ప చెప్పుకోవలసింది ఏమీ లేదని ఆయనకు తెలియదు, అంతే.

వాన వెలిసిన ప్రతి సాయంత్రం, వాళ్లక్కడ కూర్చున్న వేళకే, మైలు దూరం దిగువన ఒకాయన మోకాలి లోతు వాగులో నిలబడి ఇసుక బస్తాలు పేర్చేవాడు. ఆయన ఆ కాలనీ వెల్డరే. గేటు విరిగినా, కుర్చీ కాలు ఊడినా అతికించి ఇస్తాడు కాబట్టి అందరికీ అతుకులాయన. బస్తాలు పేర్చేది సొంత అక్క ఇంటి వెనకాల. తల్లి పోయినప్పుడు ఆయనకు ఆరేళ్లు, ఆవిడకు పదహారు. తమ్ముడికి అన్నం కలిపి పెట్టింది, పని నేర్పించింది, పెళ్లి చేసింది. భర్త పోయాక వాగు ఒడ్డున మొక్కల నర్సరీ పెట్టుకుని ఒకరి మోచేతి నీళ్లు తాగకుండా బతుకుతోంది.

పదేళ్ల కిందట ఆవిడ వంటింటి గోడకీ వాగుకీ మధ్య ఇరవై అడుగుల నేల ఉండేది. రెండు వరసల గులాబీ అంట్లు, వాటి మధ్య చక్రాల బండి తోసుకుపోయేంత దారి. ఇప్పుడు మిగిలింది నాలుగు అడుగులు. ప్రతి పెద్ద వానకీ వాగు ఎర్రగా ఉరికి వచ్చి ఒక ముక్క కోసుకుపోతుంది. ఈ వానలకేం పోయేకాలం వచ్చిందే అక్కా అని తమ్ముడు, మన వాగుకి ఇంత కోపం ఎప్పుడూ లేదురా అని అక్క, పదేళ్లుగా ఇదే మాట.

ఇక్కడ చదివేవాళ్లు ఒక్క సంగతి తెలుసుకోవాలి. ఆ చెరువు దేవుడిచ్చింది కాదు. ముప్పై ఏళ్ల కిందట కాలనీ కట్టినప్పుడు డాబాల మీదా రోడ్ల మీదా పడిన వాన ఇంకడానికి నేల లేకుండా పోయింది. ఆ నీళ్లన్నీ ఒక్క పెట్టున మీద పడితే వాగు తట్టుకోలేదని ఇంజనీర్లు తవ్వించిన వాననీటి గుంట అది. ఎగువన రెండు గొట్టాల నుంచి నీళ్లు వచ్చి పడతాయి. దిగువ చివర బావిలాంటి సిమెంటు తొట్టి ఉంది, మనిషిన్నర ఎత్తు. ఆ తొట్టి గోడకు అడుగున అరచేతంత తూము, తొట్టిలోంచి వాగుకి పెద్ద గొట్టం. వాన నీళ్లు ఆ తూములోంచి రెండు రోజుల పాటు నిదానంగా వాగులోకి దిగేవి. మట్టీ, బండ్ల నూనే, చెత్తా గుంట అడుగునే ఆగిపోయేవి. తరవాతి వాన వచ్చేసరికి గుంట ఖాళీ. ఖాళీగా ఉండడమే దాని పని.

కానీ ఖాళీ గుంటను చూస్తూ ఎవరు కూర్చుంటారు చెప్పండి. పూడిక తీసే దిక్కు లేక బురద పైకి తేలింది, వాసన పట్టింది. పదేళ్ల కిందట ఒక వేసవిలో మాస్టారు అతుకులాయన్ని పిలిచి, ఆ తూముకి ఒక ఇనుప పలక వేసెయ్యవోయ్, నీళ్లు నిలిస్తే అందంగా ఉంటుంది అన్నారు. ఈయన ఇనుప మెట్లు పట్టుకుని తొట్టిలోకి దిగాడు. తూము చుట్టూ ఉన్న కమ్మీకి పలక అతికించాడు. అరగంట పని. పైకి వచ్చేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రమే అక్కకు చెప్పుకుంటే, మా తమ్ముడు వేసిన అతుకు నూరేళ్లు కదలదు అని ఆవిడ మురిసిపోయింది.

అప్పటి నుంచీ చెరువు ఎప్పుడూ నిండుకుండే. నిండుకుండలో ఇంకా పోస్తే ఏమవుతుంది? పడిన ప్రతి వానా ఆ తొట్టి అంచు మీదుగా అప్పటికప్పుడే దూకి వాగు మీద విరుచుకుపడేది. ఆ పలకనూ వాగు కోపాన్నీ పక్కపక్కన పెట్టి చూసిన వాళ్లు పదేళ్లలో ఒక్కరూ లేరు.

అలా పదేళ్లు గడిచాక, ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు, పాతబడిన ఇలాంటి గుంటలన్నీ బాగుచేయాలని నగర కార్యాలయం నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. నిండా ముప్పై ఏళ్లు లేవు. పడవ వేసుకుని పొడుగాటి గడతో చెరువంతా గుచ్చి చూసింది. పైకి నిండుగా కనిపిస్తున్న నీళ్ల కింద సగానికి సగం బురదే. తొట్టి మీది ఇనుప జాలీ తీయించి లైటు వేసి చూసి, పెదవి బిగించి ఏదో రాసుకుంది. ఆ మధ్యాహ్నమే కాలనీ హాల్లో మీటింగు పెట్టించింది.

పూడిక తీసి లోతు చేస్తాం, గొట్టాల దగ్గర మట్టి ఆగేందుకు చిన్న గుంట వేరే తవ్వుతాం, గట్టు చుట్టూ రెల్లు నాటుతాం, తూము తెరిచి జల్లెడ పెడతాం అని చెప్పింది. వినే చెవులు తక్కువ. బురద బయటపడితే మా ఇళ్లు ఎవరు కొంటారు అన్నారొకరు. రెల్లు పెడితే పాములొస్తాయి అన్నారింకొకరు. మరి బాతులో అని ఒక ముసలావిడ నిజంగానే దిగులుపడింది. మా కాలనీ వీధుల్లో నీళ్లు నిలవకుండా వెళ్లిపోతున్నాయి, వాగు గోల మాకెందుకమ్మా అని మరొకాయన తేల్చేశాడు.

ఇంజనీరమ్మ గొంతు పెంచలేదు. "ఎల్లుండి సాయంత్రం కుండపోత ఉందట. చెరువులో నీళ్లు దిగడానికి ఎంత లేదన్నా రోజున్నర పడుతుంది. ఇది మీ సంఘం ఆస్తి, మీ సంతకం లేకుండా నేను ముట్టుకోలేను. అయినా ఆ పలక వేసిందెవరండీ?"

అతుకులాయన హాలు వెనకాల విరిగిన కుర్చీకి మేకు కొడుతున్నాడు. మాస్టారి చూపు ఒక్క క్షణం ఆయన మీద ఆగి, కిటికీ వైపు తిరిగింది. ఆ కాలనీ పనే అతుకులాయన కూడు. ఎవరినని వేలెత్తి చూపిస్తాడు?

అప్పుడు ఇంజనీరమ్మ గోడ మీద తెర దించి వాగు ఫొటోలు చూపించింది. కూలిన గట్టు, వేళ్లు తేలిన చెట్టు, ఆ తరవాత అంచున వేలాడుతున్నట్టున్న ఒక వంటిల్లు, దాని కింద బస్తాలు. ఈ ఇంటికి ఇంకొక్క పెద్ద వాన చాలండి అంది.

ఆ బస్తాల మూతులకు బిగించిన తీగ ముడులు అతుకులాయనవి. చేతిలోని సుత్తి కింద పెట్టేశాడు. పదేళ్లుగా తాను ఎగువన చేసిన పనికి దిగువన తానే అడ్డుకట్టలు వేస్తున్నాడని అప్పటికి గానీ తలకెక్కలేదు. మీటింగు వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. ఈయన తిన్నగా అక్క ఇంటికి నడిచాడు.

ఆవిడ వంటింట్లో గోడ పగులులో గోనెగుడ్డ కుక్కుతోంది. పొద్దున వేలు దూరేది కాదురా, ఇప్పుడు దూరుతోంది అంది. ఇల్లు ఖాళీ చెయ్యవే అని అడుగుదామని వచ్చినవాడు అడగలేకపోయాడు. గడప మీద కూలబడి మొత్తం చెప్పేశాడు. ఆవిడ వింటూ వింటూ చేతిలో గుడ్డ మడత పెట్టింది, మళ్లీ విప్పింది.

"పదేళ్లు వానను తిట్టాను," అంది చివరికి. "ఆ పలక గురించి నలుగురికీ చెప్పుకుని మురిశాను కూడా."

"తెలియక చేశానక్కా."

"నువ్వు తెలియక చేశావు. వాళ్లు తెలియక చేయించారు. ఈ గోడకి మాత్రం తెలియదా? కూర్చుని ఏడవకు, లే. ఎల్లుండే అంటున్నావుగా."

వాళ్లిద్దరూ చెరువు గట్టుకి వెళ్లేసరికి బెంచీలన్నీ నిండి ఉన్నాయి. అక్క చెప్పులు విడిచి, గట్టున తిన్నగా మాస్టారి ముందుకు వెళ్లి నిలబడింది. కూర్చోండమ్మా అన్నారాయన.

"కూర్చుంటే లేవబుద్ధి కాదు మాస్టారూ, అంత బాగుంది మీ చెరువు," అంది. "నా వంటింటి వెనక నాలుగడుగులు మిగిలాయి. ఎల్లుండికి అవీ ఉండవు. మా తమ్ముడు ఆ పలక వేశానని ఒప్పుకుంటున్నాడు. వేయమన్నది ఎవరో నేను అడగను. తీయమనేది ఎవరో చెప్పండి."

పక్క బెంచీవాళ్లు ఇటు తిరిగారు. లెక్కలు చెప్పిన మనిషి కదా, మాస్టారు లోపల ఏదో కూడుకున్నట్టున్నారు. నిలవడానికి చోటు లేని నీళ్లు ఎక్కడికి పోతాయో నేను ఎందుకు ఆలోచించలేదు అని తనలో తానే అన్నట్టు అన్నారు. ఎవరో ఆదివారం దాకా ఆగుదాం అనబోతే చెయ్యెత్తి ఆపారు. వేయించింది నేనే, తీయమంటున్నదీ నేనే అని అక్కడే కాగితం తెప్పించి సంతకం పెట్టారు.

మర్నాడు తెల్లవారేసరికి అతుకులాయన నడుముకు తాడు కట్టుకుని తొట్టిలోకి దిగాడు. పైన తాడు పట్టుకున్నది ఇంజనీరమ్మా, అక్కా, మాస్టారూ. గోడకు అవతల చెరువంతా ఆ పలక మీద ఆనుకుని ఉంది. ఒక్కసారి తెంపితే ఆ విసురుకి మనిషి ఎదుటి గోడకు అతుక్కుపోతాడు. అందుకని చేత్తో తిప్పే డ్రిల్లుతో చిటికెన వేలు పట్టేంత బెజ్జాలు ఒకదాని తరవాత ఒకటి వేయాలి. మొదటి బెజ్జంలోంచి నీళ్లు ఈటెలా దూసుకువచ్చాయి. నాలుగో బెజ్జం దగ్గర పలక కొంచెం వంగింది. ఆయన కాలు జారింది. పైనుంచి చూస్తున్న అక్క కళ్లముందే తమ్ముడి తల నురుగులో మాయమైంది. ముగ్గురూ తాడు లాగారు. దగ్గుతూ లేచి, చెయ్యి ఊపి, మళ్లీ డ్రిల్లు అందుకున్నాడు. పదహారు బెజ్జాలు వేసి పైకి వచ్చాక గట్టు మీద వెల్లకిలా పడుకున్నాడు.

చెరువు దిగడం మొదలైంది. మర్నాడు మధ్యాహ్నానికి నడుము లోతు తగ్గి బురద తేలింది. కంపు కొట్టింది. ముక్కులు మూసుకున్నవాళ్లు ఉన్నారు, మాస్టారిని తిట్టినవాళ్లూ ఉన్నారు. సాయంత్రానికి ఆకాశం నల్లబడింది.

వాన మూడు గంటలు ఆగకుండా కొట్టింది. అక్కాతమ్ముళ్లు వంటింటి గుమ్మంలో నిలబడి వాగునే చూస్తున్నారు. మొదటి గంటలో ఎప్పుడూ వచ్చే ఆ ఎర్రటి ఉరుకు రాలేదు. రెండో గంటకి వాగు బస్తాలను తాకింది. పై బస్తా తడిసింది. చివరి వరస కుండీలు పదిహేను కొట్టుకుపోయాయి. సగం పూడిన చెరువు ఎంతని పట్టగలదు? తొట్టి అంచు మీదుగా అలుగు పారనే పారింది. కానీ ఆలస్యంగా పారింది. అప్పటికి వాన నెమ్మదించింది. అక్క చేత్తో గోడను తడిమి చూసింది. పగులు పొద్దున ఎంత ఉందో అంతే ఉంది.

ఆదివారం మీటింగులో వాదన గట్టిగానే జరిగింది. కానీ ఎక్కువ మంది అప్పటికే వాగు గట్టు దాకా వెళ్లి ఆ వంటింటిని చూసి వచ్చారు. పూడిక తీతకు చేతులు లేచాయి. లేవని చేతులూ ఉన్నాయి.

రెండు నెలలకు తూముకి జల్లెడ బిగించిందీ అతుకులాయనే. ఆ వారంలోనే పక్క కాలనీవాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. మా గుంటలో కూడా నీళ్లు నిలవట్లేదు, చక్కటి పలక ఒకటి వేసిపెట్టు అన్నారు. ఆయన పని ఆపి చేతులు తుడుచుకున్నాడు.

"వేయడం అరగంట పనండీ. ముందు మీ గుంట నుంచి వాగు వెంబడి నాతో ఒక మైలు నడవండి. తిరిగొచ్చాక కూడా వేయమంటే అప్పుడు మాట్లాడుకుందాం."

వాళ్లు నడిచారు. దారి పొడవునా ఎవరి పెరడు ఎంత తెగిందో ఆయన వేలు పెట్టి చూపిస్తూనే ఉన్నాడు. తిరిగి వచ్చాక పలక మాట ఎవరూ ఎత్తలేదు. పూడిక తీసే ఇంజనీరమ్మ ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడిగారు. మన వాకిట్లో పడిన వాన మన గేటు దాటగానే మనది కాకుండా పోదు, అది ఎవరి గోడ దాకా వెళుతుందో అంతవరకూ మనదే బాధ్యత.