గ్రోస్ అంత్యక్రియల వారి జట్టు

ఊరి మైదానానికి కీర్తిశేషులు హార్లాన్ గ్రోస్ పేరు పెడుతున్నారని మార్ల్ లేక్ మున్సిపాలిటీ నుంచి మార్లిస్ టెస్కీకి ఉత్తరం వచ్చింది. 1979లో విస్కాన్సిన్ రాష్ట్ర ఛాంపియన్లుగా నిలిచిన మహిళల సాఫ్ట్‌బాల్ జట్టులో ‘ఇంకా జీవించి ఉన్న సభ్యురాలిగా’ ఆమెను వేడుకకు సాదరంగా ఆహ్వానిస్తున్నామని అందులో రాశారు. డెబ్భై నాలుగేళ్ళ పాటు బతికే ఉన్నందుకు ఎట్టకేలకు ఒకరు మెచ్చుకున్నారని మార్లిస్ సంతోషించి, ఉత్తరాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

హార్లాన్ గ్రోస్ ఊళ్ళో అంత్యక్రియలు జరిపించే సంస్థ యజమాని. ఆ జట్టుకు చొక్కాలు కుట్టించి ఇచ్చాడు కాబట్టి మేనేజరు కూడా అయ్యాడు. అతను జన్మలో బ్యాట్ పట్టింది లేదు. అయినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎప్పటికైనా తప్పకుండా అవసరం పడే మనిషితో గొడవ పెట్టుకోవడం మార్ల్ లేక్ వాళ్ళకు ఇష్టం ఉండదు. చొక్కాలు నల్లవి. వీపు మీద తెల్లటి అక్షరాలతో ‘గ్రోస్ అండ్ సన్స్, అంత్యక్రియలు’ అని, దాని కింద చిన్నగా ‘మీ వేళకు మేము సిద్ధం’ అని రాసి ఉండేది. పక్క ఊళ్ళ జట్లు మొదట్లో నవ్వాయి. ఆగస్టు వచ్చేసరికి నవ్వడం మానేశాయి.

మార్లిస్ అప్పుడు చీజ్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. జట్టులో పిచర్. వాళ్ళు ఆడే ఆటలో బంతిని వేగంగా విసరకూడదు. చేతిని కింద నుంచి ఊపి, కనీసం మనిషెత్తు లేచేలా గాల్లోకి పంపాలి. మార్లిస్ బంతి చూరు మీదకు ఎగిరినట్టు లేచి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, నిట్టనిలువుగా దిగేది. అది వచ్చేలోపు బ్యాట్ పట్టుకున్న ఆడమనిషికి పొయ్యి ఆపి వచ్చానా లేదా అనే అనుమానం కూడా వచ్చేది. ఆ కంగారులో కొడితే బంతి నేల మీద దొర్లుకుంటూ పోయేది. అలా పోయిన ప్రతి బంతీ రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే డార్లా పింటర్ చేతుల్లోకే వెళ్ళేది. డార్లా స్కూలు బస్సు నడిపేది. ఆమె చేతుల్లోంచి బంతి జారడం ఎవరూ చూడలేదు.

జట్టు గెలుపంతా ఈ ఇద్దరి మీదే నడిచింది. ఇద్దరూ తొమ్మిదేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు.

దానికి కారణం డ్వేన్ పింటర్ అనే మహానుభావుడు. మార్లిస్‌కు ఉంగరం తొడిగి, చర్చిలో తేదీ కూడా అడిగి, పెళ్ళి ఇంకా ఆరు వారాలు ఉందనగా డార్లాను చేసుకున్నాడు. చూడ్డానికి బాగుంటాడు. పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాస్త మొహమాటస్తుడు. పెళ్ళయిన మూడేళ్ళకు నడుం నొప్పి అని సోఫాలో పడుకున్నవాడు మళ్ళీ వేట కాలానికి తప్ప లేవలేదు. తనకు ఎంత పెద్ద గండం తప్పిందో మార్లిస్‌కు ఎప్పుడో తెలిసిపోయింది. కానీ తెలిసింది కదా అని కోపం మానుకుంటే తొమ్మిదేళ్ళు పెంచుకున్నది వృథా అవుతుందని ఆమె మానుకోలేదు.

జూన్‌లో లూథరన్ చర్చి ఆడవాళ్ళతో ఆట పడింది. బంతి ఒకటి నేరుగా పైకి లేచి, మార్లిస్‌కూ డార్లాకూ సరిగ్గా మధ్య దిగింది. అలాంటప్పుడు ఇద్దరిలో ఒకరు ‘నాది’ అని అరవాలి. అరిస్తే మాట్లాడినట్టవుతుంది. ఇద్దరూ తలెత్తి, ఆకాశంలో కొత్త తోకచుక్కను చూస్తున్నంత శ్రద్ధగా దాన్ని చూశారు. బంతి ఇద్దరి మధ్యా గడ్డిలో పడింది. ఆ ఆట ఓడిపోయారు.

మర్నాడు హార్లాన్ జట్టునంతా తన దుకాణానికి పిలిపించాడు. శవపేటికలు వరసగా పెట్టిన గదిలో కూర్చోబెట్టి, ఐకమత్యం గురించి ముప్పావుగంట మాట్లాడాడు. ఇద్దరిలో ఒకరిని తీసేస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాడట. జట్టుకు పదిమంది కావాలి, ఉన్నది పదకొండు మంది, ఆ పదకొండో ఆమె నిండు గర్భిణి. అందుకని, బ్యాట్ పట్టినవాళ్ళ వెనక కూర్చుని మైదానమంతా చూసే క్యాచర్ ఫిల్లిస్‌ను మధ్యవర్తిగా నియమించాడు. ఫిల్లిస్ గొంతు పెద్దది. ఆమె తన వంటింట్లో ఉప్పు అడిగితే పక్కింటివాళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు.

ఆ తర్వాత ఆట సాగినంతసేపూ మాటలు ఫిల్లిస్ మీదుగా నడిచేవి.

“డార్లా, నువ్వు రెండడుగులు ఎడమకి జరగాలిట. మార్లిస్ అంటోంది.”

“నా కాళ్ళెక్కడున్నాయో నాకు తెలుసని దానికి చెప్పు.”

“దాని కాళ్ళు దానికి తెలుసుటే, మార్లిస్.”

“మంచిది. ఆ తెలిసిన కాళ్ళనే రెండడుగులు జరపమను.”

ఎదుటి జట్టువాళ్ళు ఇదంతా విని, ఇదేదో కొత్త ఎత్తుగడ అనుకుని జాగ్రత్తపడేవాళ్ళు.

ఎత్తుగడల శాఖ అసలు హార్లాన్‌ది. బెంచీ మీద కాలు మీద కాలు వేసుకు కూర్చుని సైగలు చేసేవాడు. చెవి పట్టుకునేవాడు, టోపీ తిప్పేవాడు, ముక్కు పక్కన వేలు పెట్టేవాడు. ఈ ఆటలో బేస్ దొంగిలించడానికి, అంటే బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కు ఉరకడానికి, వీల్లేదు. బంతిని మెల్లగా ఆనించి పరిగెత్తడానికీ వీల్లేదు. సైగ చేసి చెప్పాల్సిన రహస్యమంటూ ఒక్కటి కూడా లేదు. ఒకసారి మార్లిస్ ఉండబట్టలేక, చెవి పట్టుకుంటే ఏం చెయ్యాలండీ హార్లాన్ గారూ అని అడిగింది. అతను కాసేపు ఆలోచించి, గట్టిగా ఆడాలన్నాడు. మరి ముక్కు పట్టుకుంటే అని అడిగితే, ఇంకా గట్టిగా అన్నాడు.

అయినా ఆ వేసవిలో ఆ ఒక్క ఆట తప్ప ఓడింది లేదు. శుక్రవారాలు ఆట అవగానే అందరూ వేపిన చేపలు తినడానికి వెళ్ళేవాళ్ళు. మార్లిస్ బల్లకు ఈ చివర, డార్లా ఆ చివర. చేప మీద పిండే నిమ్మకాయ కూడా ఫిల్లిస్ చేతుల మీదుగానే ఇటూ అటూ తిరిగేది.

రాష్ట్ర పోటీలు ఆగస్టు చివర్లో వాసా పట్నంలో జరిగాయి. జట్టు ప్రయాణానికి హార్లాన్ తన పొడుగాటి నల్ల కార్లు రెండు ఇచ్చాడు. మామూలుగా చనిపోయినవాళ్ళ దగ్గరి బంధువులు ఎక్కే కార్లవి. దారి పొడుగునా ఎదురొచ్చిన వాహనాలు పక్కకు తీసి ఆగాయి. ఒక పొలం దగ్గర ముసలి రైతు ట్రాక్టర్ దిగి, టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. ఫిల్లిస్ కిటికీ దించి అతనికి చెయ్యి ఊపింది. ఆ మనిషి ముఖం ఎలా మారిందో చెప్పమంటే మార్లిస్ ఇప్పటికీ చెప్పలేకపోతుంది. నవ్వొచ్చి ఆగిపోతుంది.

ఫైనల్లో ఎదురైంది మిల్వాకీ నగరం జట్టు. వాళ్ళకు బ్యాట్లు మోయడానికి మనిషి, నీళ్ళు ఇవ్వడానికి వేరే మనిషి, కండరాలు మర్దనా చెయ్యడానికి ఇంకో మనిషి ఉన్నారు. మార్ల్ లేక్ వాళ్ళకు ఒక ఐస్ డబ్బా, హార్లాన్ చెవి ఉన్నాయి. చివరి ఇన్నింగ్స్ వచ్చేసరికి గ్రోస్ జట్టు తొమ్మిది, మిల్వాకీ ఎనిమిది. మిల్వాకీ బ్యాటింగ్. ఇద్దరు ఔటయ్యారు. కానీ రెండో బేస్ మీద ఒకామె, మూడో బేస్ మీద ఒకామె ఉన్నారు. ఇంకో దెబ్బ తగిలితే ఇద్దరూ బ్యాట్ పట్టిన చోటికి తిరిగొచ్చి రెండు పరుగులు తెస్తారు, ఆట అయిపోతుంది.

మార్లిస్ అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని బంతిని పైకి పంపింది. బ్యాట్ దాని అడుగున తగిలింది. బంతి పైకి, ఇంకా పైకి, దీపస్తంభాల కంటే ఎత్తుకు పోయి, జూన్‌లో దిగిన చోటే దిగడం మొదలుపెట్టింది. జనమంతా లేచి నిలబడి అరుస్తున్నారు. డార్లా ముందుకు పరిగెత్తి వస్తోంది. మార్లిస్ వెనక్కి జరుగుతోంది. ఇద్దరి మధ్యా నాలుగడుగులుండగా మార్లిస్ చెవుల్లో స్పష్టంగా ఒక మాట పడింది.

“నీదే, మార్లిస్.”

మార్లిస్ గ్లవ్ ఎత్తింది. బంతి వచ్చి అందులో కూర్చుంది. మరు క్షణం డార్లా వచ్చి గుద్దుకుంది, ఇద్దరూ కిందపడ్డారు, వాళ్ళ మీద మిగతా ఎనిమిదిమంది పడ్డారు.

మర్నాటి పేపర్లో హార్లాన్ ఫొటో వేశారు.

తిరుగు ప్రయాణంలో మార్లిస్ చాలాసేపు కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చుంది. తొమ్మిదేళ్ళ తర్వాత మొదట మాట్లాడింది డార్లా. అదీ ఎప్పుడు? రాష్ట్రమంతా చూస్తుండగా ఛాంపియన్‌షిప్ క్యాచ్‌ను తన చేతుల్లో పెట్టి ఇచ్చింది. ఇంత చేశాక కూడా మూతి బిగించుకు కూర్చుంటే బాగుండదనిపించింది. డబ్బాలోంచి ఒక బీరు తీసి, మూత విప్పి, వెనక సీట్లో ఉన్న డార్లా పక్కకు వెళ్ళి కూర్చుని చేతికిచ్చింది. డార్లా ఆ బీరును, ఆమెను మార్చి మార్చి చూసి, సరేలే అంది. ఆ సరేలేతో వాళ్ళు నలభై అయిదేళ్ళు స్నేహంగా గడిపారు. డ్వేన్ పోయినప్పుడు హార్లాన్ అంత్యక్రియల గదుల్లో డార్లా పక్కన నిలబడి వచ్చినవాళ్ళ చేతులు అందుకున్నది మార్లిసే. మార్లిస్ మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు ఆరు వారాలు వచ్చి వండిపెట్టింది డార్లా. ఆ క్యాచ్ గురించి మాత్రం ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు. మార్ల్ లేక్‌లో మనసులో మాట పైకి చెప్పుకోవడం కంటే పన్ను పీకించుకోవడం సుఖమనుకుంటారు.

వేడుక రోజు మైదానంలో మడత కుర్చీలు వేశారు. ముందు వరసలో మార్లిస్, డార్లా, చక్రాల కుర్చీలో ఫిల్లిస్ కూర్చున్నారు. హార్లాన్ కొడుకు క్రెయిగ్ కాగితం తీసి చదివాడు. ఆ చివరి బంతి గాల్లో ఉండగా తన తండ్రి టోపీ తిప్పి సైగ చేశారని, దాన్ని అందుకునే క్రీడాకారిణులు తమ స్థానాలు సర్దుకున్నారని, ఆ మేధస్సు ముందు మిల్వాకీ తలవంచిందని చెప్పాడు. చెపుతూ చెపుతూ కళ్ళు తుడుచుకున్నాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళను ఓదార్చడం వృత్తిగా ఉన్న మనిషి కావడంతో తన దుఃఖాన్ని కూడా చాలా చక్కగా నిర్వహించుకున్నాడు.

తర్వాత సాసేజులు, బంగాళాదుంప సలాడ్ పెట్టారు. మార్లిస్‌కు కడుపు మండిపోతోంది. నలభై అయిదేళ్ళలో మొదటిసారి, డార్లా వైపు తిరిగి, ఆ టోపీ మాటలు విన్నావా అంది. ఆ బంతిని తనకు వదిలింది డార్లా అని, ఆ గొప్పతనం డార్లాదే అని, ఇవాళైనా ఎవరో ఒకరు చెప్పాల్సింది అంది.

డార్లా సాసేజ్ పట్టుకున్న చెయ్యి దించింది.

“వదలడమేంటే? నేను ‘నాది’ అని అరిచాను.”

“నీదే అన్నావు. నీదే, మార్లిస్ అన్నావు. నా చెవులతో విన్నాను.”

“నాది అన్నాను. నువ్వు నా నోటి దగ్గరది లాక్కున్నావు. ఇన్నేళ్ళూ పోనీలే అని ఊరుకున్నాను.”

మరి ఆ రోజు కార్లో బీరు ఎందుకు తీసుకున్నావని మార్లిస్ అడిగింది. చేసిన పనికి సిగ్గుపడి క్షమాపణ అడుగుతున్నావనుకున్నానని, అందరి ముందూ వద్దనడం మర్యాద కాదని తీసుకున్నానని డార్లా చెప్పింది. ఇద్దరూ ఒకరినొకరు తేరిపార చూసుకున్నారు. ఎదుటిది తగ్గింది కదా అని చెరొకరూ దయతలచి క్షమించి, ఆ దయ మీద నలభై అయిదేళ్ళ స్నేహం కట్టుకున్నారని అప్పటికి ఇద్దరికీ అర్థమైంది.

తీర్పు కోసం ఫిల్లిస్ వైపు తిరిగారు. ఆమెకు చెవుడొచ్చింది. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. రెండుసార్లు అడిగించుకుని, పేపర్ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

“మీరిద్దరూ నోరు తెరిస్తేగా. కొయ్యబొమ్మల్లా పైకి చూస్తూ పరిగెత్తారు. ఆ అరిచింది నేను. క్యాచర్ పని అదే కదుటే.”

వెనక నాలుగు వరసల వాళ్ళూ ఇటు తిరిగి చూశారు. ఫిల్లిస్ ఇంకో సాసేజ్ తెమ్మంది.

డార్లా అది నమ్మలేదు. ఫిల్లిస్‌కు ఈ మధ్య మందు బిళ్ళ వేసుకున్నదీ లేనిదీ కూడా గుర్తుండదంది. మార్లిస్‌కు మాత్రం ఫిల్లిస్ మాటే నిజమనిపించింది. ఆ అనిపించడం ఆమెకు ఏమీ నచ్చలేదు. డార్లా ఇచ్చిందనుకున్న బంతిని డార్లా ఇవ్వలేదు. ఇక డార్లా మాటే నిజమైతే, తాను దాన్ని దొంగిలించింది. ఎలా చూసినా తను ఇచ్చిన బీరు మాత్రం దండగ. ఇంటికి వెళ్ళేటప్పుడు డార్లాకు వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు. నాలుగు రోజులు ఫోన్ మోగితే ఎత్తలేదు.

ఐదో రోజు పొద్దున్న తనే ఫోన్ చేసింది. వాసాలో కంటి డాక్టర్ దగ్గరికి డార్లాను తీసుకెళ్ళాల్సింది ఆ రోజే. డార్లా మొదటి గంటకే ఎత్తింది.

“తొమ్మిదింటికి వస్తాను. తయారుగా ఉండు.”

“ఎనిమిదిన్నరకి రా. నువ్వు బండి నడిపితే నడిచి వెళ్ళినట్టే ఉంటుంది.”

మార్లిస్ ఎనిమిదిన్నరకే వెళ్ళింది. డార్లా అప్పటికే కోటు వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. కారెక్కుతూనే సీటు ముందుకుందని విసుక్కుంది. ఊరు దాటేదాకా ఇద్దరూ క్రెయిగ్ గ్రోస్‌ను తిట్టుకుంటూ వెళ్ళారు.